సింథటిక్ లాగ్‌లు, మానిటరింగ్‌లో ఖాళీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో నాకు పదకొండేళ్లు. మొదటి ఆరేళ్లు బస్సు టికెట్ల బుకింగ్ నడిపే ఒక కంపెనీలో చేశాను, ఇప్పుడు మరో చోట. రెండు చోట్లా టీమ్‌లో మనవాళ్లు బాగానే ఉన్నారు: కర్నూలు, కడప, నెల్లూరు, గుంటూరు పిల్లలు. నైట్ షిఫ్ట్‌లోనో, షిఫ్ట్ అయ్యాక టీ కొట్టు దగ్గరో వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెప్పాల్సి వస్తోంది కాబట్టి అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నాను.

సింథటిక్ లాగ్ అంటే దొంగ లాగేనా?

లాగ్ అంటే సర్వర్ తను చేసే పనులను వరసగా రాసుకునే లైన్లు; వాటిని కనిపెట్టుకుని ఉండడం మానిటరింగ్. ఎవరూ టికెట్ బుక్ చేయకుండానే, ఏ సర్వరూ నిజంగా ఆ పని చేయకుండానే, ఒక ప్రోగ్రామ్ తయారుచేసిన లాగ్ లైన్‌ని సింథటిక్ లాగ్ అంటాం. అది తయారుచేసినదని అందరికీ తెలిసి, విడిగా ఉన్నంతవరకు అదొక పనిముట్టు. అసలు లాగ్‌లో కలిసిపోయి, చూసేవాళ్లకి తేడా తెలియకుండా పోతే మాత్రం అప్పుడు దొంగ లాగే.

పాత కొట్టు లెక్కలు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఏ రోజు జరిగింది ఆ రోజే, జరిగింది జరిగినట్టు రాసుకునే పుస్తకం చిట్టా. కొత్తగా చేరిన కుర్రాడికి లెక్క నేర్పాలంటే గుమస్తా వేరే కాగితం మీద ఉత్తుత్తి పద్దులు రాయిస్తాడు. ఆ కాగితాన్ని తీసుకెళ్లి చిట్టాలో కుట్టడు.

సర్వర్ నడుస్తూనే ఉంది కదా, లాగ్‌లలో ఖాళీలు ఎందుకు వస్తాయి?

సర్వర్ పని చేయడం ఒకటి, అది రాసిన లైన్ మన స్క్రీన్ దాకా రావడం ఇంకొకటి. మధ్యలో చాలా మెట్లున్నాయి, ప్రతి మెట్టు దగ్గరా లైన్లు జారిపోతాయి.

లాగ్ లైన్లను ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి పంపే పాత పద్ధతి సిస్‌లాగ్‌ని తీసుకోండి. 1980లలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ కోసం రాసినది, ఇప్పటికీ రౌటర్లు, ఫైర్‌వాల్స్ దాంట్లోనే మాట్లాడతాయి. ఎక్కువ చోట్ల అది యూడీపీ 514 పోర్ట్ మీద వెళ్తుంది. యూడీపీ అంటే అందిందా లేదా అని చూడకుండా పంపేసే పద్ధతి, అందులో ప్యాకెట్ (డేటా ముక్క) పోతే పోయినట్టే. పంపినవాడికి తెలియదు, అందుకోవాల్సినవాడికీ తెలియదు. నెట్‌వర్క్ బాగా నిండిపోయినప్పుడే ప్యాకెట్లు ఎక్కువ పోతాయి. అంటే లాగ్ బాగా అవసరమైన సమయంలోనే అది చేతికి రాదు.

లినక్స్‌లో లాగ్‌లు సేకరించే జర్నల్‌డీ తనంతట తానే కోత పెడుతుంది. ప్రస్తుత వెర్షన్లలో మామూలు సెట్టింగ్ ఏమిటంటే, ఒక సర్వీస్ 30 సెకన్లలో 10,000 లైన్లు దాటితే మిగిలినవి పారేస్తుంది, ఇన్ని పారేశానని ఒక్క లైన్ మాత్రం రాస్తుంది. ఆ ఒక్క లైన్ కోసం వెతికే అలవాటు చాలామందికి లేదు. పెరిగిపోయిన లాగ్ ఫైళ్లను పక్కకు తీసే లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ అనే పద్ధతి ఉంది: ఫైల్‌ని కాపీ చేసి, తర్వాత అసలు ఫైల్‌ని ఖాళీ చేస్తుంది. ఆ రెండింటి మధ్య ఉండే రవ్వంత సమయంలో పడిన లైన్లు పోవచ్చని దాని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఇక డిస్క్ నిండిపోవడం, లాగ్‌లు మోసే ఏజెంట్ రీస్టార్ట్ అవడం, డెవలపర్ లాగ్ లెవెల్ (ఎంత వివరంగా రాయాలనేది) మార్చి మర్చిపోవడం, కొత్త సర్వర్ పెట్టి దాని మీద ఏజెంట్ వేయకపోవడం, ఇవన్నీ మీరు చూసే ఉంటారు.

అయితే ఆ ఖాళీని సింథటిక్ లైన్లతో పూడ్చేయొచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

ఆ మొదటి కంపెనీలో ఒక గురువారం రాత్రి 1:52కి లాగ్‌ల డిస్క్ నిండిపోయింది. 2:39కి సరిచేశాం. 47 నిమిషాలు. బుకింగ్‌లు ఆగలేదు, లాగ్ మాత్రమే లేదు. పొద్దున రిపోర్ట్‌లో ఆ గుంట కనిపిస్తే పైనుంచి ప్రశ్నలు వస్తాయని అందరికీ టెన్షన్. టీమ్‌లో ఒక కుర్రాడు, మంచి పనిమంతుడు, "అక్కా, పోయిన గురువారం అదే టైమ్ లాగ్‌లు తీసుకుని, తేదీలు, బుకింగ్ నంబర్లు మార్చి పోసేస్తాను. గ్రాఫ్ నిండిపోతుంది" అన్నాడు. నేను సరే అన్నాను. నిద్రమత్తు మీదకు నెట్టను. అది తప్పని ఆ రాత్రి నాకు తోచలేదు.

మూడు వారాల తర్వాత తిరుపతి టికెట్ కోసం డబ్బు కట్టిన ఒకాయన ఫిర్యాదు వచ్చింది. ఖాతాలో డబ్బు పోయింది, టికెట్ రాలేదు. టైమ్ చూస్తే ఆ రాత్రి 2:14. మా లాగ్‌లో ఆ నిమిషంలో పేమెంట్లన్నీ సక్సెస్. పేమెంట్ గేట్‌వే (బ్యాంకుకీ మాకూ మధ్య డబ్బు దాటించే సంస్థ) వాళ్ల దగ్గర మాత్రం టైమ్‌అవుట్, అంటే గడువులోపు జవాబు రాలేదు. ఇద్దరు ఇంజనీర్లు రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నారు. తప్పు మీదేనని గేట్‌వే వాళ్లకు మెయిల్ కూడా వెళ్లింది. చివరికి ఆ కుర్రాడే పట్టుకున్నాడు. 2:14:07.318, 2:14:07.902, 2:14:09.045. మిల్లీసెకన్లతో సహా ముందు గురువారం వరస. తేదీ మార్చాడు, నంబర్లు మార్చాడు, మిల్లీసెకన్లు అలాగే వదిలేశాడు.

ఆ 47 నిమిషాల సమాచారం నిజానికి పూర్తిగా పోలేదు. రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలన్సర్ లాగ్ వేరే డిస్క్‌లో ఉంది. డేటాబేస్‌లో బుకింగ్ వరుసలున్నాయి. గేట్‌వే దగ్గర వాళ్ల లెక్క ఉంది. గుంటని గుంటలా వదిలేసి ఉంటే మర్నాడు ఎవరో ఒకరు ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు, ఆయన డబ్బు వారంలోపే వెనక్కి వెళ్లేది. నిండుగా కనిపించింది కాబట్టి ఎవరూ వెతకలేదు. ఆయనలాగే ఇంకా ఆరుగురు ఉన్నారని ఆ తర్వాత తేలింది. నాకు ఇప్పటికీ కష్టంగా అనిపించేది అదే.

మరి ఖాళీ కనబడితే ఏం చేయాలి?

ముందు దానికి ఒక పేరు, హద్దులు ఇవ్వండి. ఏ సర్వీస్, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, కారణం ఏమిటి, ఎవరు గమనించారు. ఇది డ్యాష్‌బోర్డ్ (గ్రాఫులన్నీ కనిపించే స్క్రీన్) మీద ఒక గుర్తుగా, లాగ్ ఇండెక్స్‌లో ఒక లైన్‌గా, ఇన్సిడెంట్ టికెట్‌లో ఒక వాక్యంగా ఉండాలి. తర్వాత పక్క వ్యవస్థల నుంచి దొరికింది తెచ్చుకోండి. అలా తెచ్చిన ప్రతి వరుసకూ అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. లోడ్ బ్యాలన్సర్ నుంచి తెచ్చిన వరుస సింథటిక్ కాదు, అది వేరే సాక్షి చెప్పిన మాట. కానీ ఆ సాక్షి ఎవరో తెలియాలి.

ఖాళీని తొందరగా పసిగట్టడానికి పాత సిస్‌లాగ్‌లో ఒక చక్కటి ఏర్పాటు ఉండేది. ఏమీ జరగకపోయినా 20 నిమిషాలకోసారి "మార్క్" అని ఒక లైన్ రాసేది. ఆ లైన్ ఉంటే సర్వర్ మౌనంగా ఉందని అర్థం, అదీ లేకపోతే లాగింగే ఆగిపోయిందని అర్థం. ఒక రకంగా అదే మొదటి సింథటిక్ లాగ్. తనేమిటో తన ఒంటి మీదే రాసుకుని వచ్చేది. ఇవాళ మనం నిమిషానికోసారి ఒక హార్ట్‌బీట్ లైన్ పంపి, అది రాకపోతే అలర్ట్ మోగేలా పెడుతున్నాం; ఆలోచన పాతదే. ఇంకొంచెం గట్టిగా కావాలంటే ప్రతి లైన్‌కీ వరుస సంఖ్య వేయండి. 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో దానికంటూ ఒక ఫీల్డ్ ఉంది. 4,117 తర్వాత 4,131 వస్తే మధ్యలో పదమూడు పోయాయని వాదన లేకుండా తెలుస్తుంది.

గ్రాఫ్‌లో గీత తెగకుండా ఉంది. అంటే ఖాళీ లేనట్టే కదా?

గ్రాఫులు గీసే గ్రాఫానాలో ఖాళీ విలువలను కలపాలా వద్దా అనే సెట్టింగ్ ఉంటుంది. "ఎప్పుడూ కలుపు" అని పెట్టి ఉంటే 1:52 చుక్కకీ 2:39 చుక్కకీ మధ్య అది నున్నటి గీత గీసేస్తుంది. ఎవరూ డేటా కల్పించకుండానే గుంట పూడిపోయినట్టు కనిపిస్తుంది. నేను కొత్త టీమ్‌లోకి వెళ్తే మొదట చూసే సెట్టింగ్ ఇదే. "కలపొద్దు" అని పెట్టండి.

పూడ్చకూడదంటే సింథటిక్ లాగ్ ఎందుకు పనికొస్తుంది మరి?

జరిగిపోయిన కాలంలోని ఖాళీని అది పూడ్చలేదు. మన అనుభవంలో ఉన్న ఖాళీని మాత్రం పూడుస్తుంది.

సంక్రాంతినే చూడండి. పండక్కి రెండు మూడు రోజుల ముందు బెంగళూరు నుంచి మనవాళ్లంతా ఒకేసారి బయల్దేరతారు. మడివాళ, మారతహళ్లి, కేఆర్ పురం పికప్ పాయింట్ల దగ్గర నిలబడడానికి చోటుండదు. అది ఏడాదికి ఒక్కసారి వస్తుంది. మనం రాసిన అలర్ట్ ఆ రద్దీలో సరిగ్గా మోగుతుందా, అనవసరంగా మోగి అందరి నిద్రా చెడగొడుతుందా, అసలు మోగదా? అది తెలుసుకోవడానికి జనవరి దాకా ఆగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అక్టోబరులోనే సంక్రాంతి లాంటి లాగ్ తయారుచేసి స్టేజింగ్‌లో (పరీక్ష కోసం పెట్టిన నకలు సర్వర్లలో) వదలాలి.

ఇంకొకటి, వైఫల్యాలు అరుదు. లాగ్‌ల మీద పరిశోధన చేసేవాళ్లందరూ వాడే హెచ్‌డీఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్లను బ్లాకులుగా చేసి చాలా మెషీన్లలో దాచే వ్యవస్థ) డేటాసెట్‌లో కోటీ పదకొండు లక్షలకు పైగా లైన్లున్నాయి. అవి 5,75,061 బ్లాకులకు చెందినవి. వాటిలో తేడా చేసినవి 16,838, అంటే మూడు శాతం కూడా లేవు. మన దగ్గర అయితే కొన్ని రకాల వైఫల్యాలు ఇంతవరకు ఒక్కసారి కూడా వచ్చి ఉండవు. సర్టిఫికెట్ గడువు తీరడం, గేట్‌వే సగం రిక్వెస్టులకే జవాబివ్వడం, గడియారం వెనక్కి జరగడం లాంటివి. ఇవి వచ్చినప్పుడు లాగ్ ఎలా ఉంటుందో రాసి చూసుకోవాలి. కొత్తగా మొదలైన సర్వీస్‌కైతే పాత లాగ్‌లే ఉండవు కాబట్టి డ్యాష్‌బోర్డ్, పార్సర్ (లైన్‌ని విడగొట్టి చదివే ప్రోగ్రామ్), అలర్ట్ అన్నీ సింథటిక్ లాగ్ మీదే కట్టాలి.

ప్రొడక్షన్ (జనం నిజంగా వాడే సర్వర్ల) లాగ్‌లు ఉన్నాయి కదా, వాటినే కాపీ చేసి స్టేజింగ్‌లో వాడితే తేలిక కదా?

తేలికే, కానీ ఆ లాగ్‌లలో మనుషులున్నారు. ఫోన్ నంబర్, పేరు, ఏ ఊరు ఎప్పుడు వెళ్లారు, ఏ ఖాతాతో కట్టారు. ప్రొడక్షన్‌లోకి వెళ్లడానికి పది మందికే అనుమతి ఉంటే స్టేజింగ్‌లోకి వంద మంది వెళ్తారు, వాళ్లలో బయటి కాంట్రాక్టర్లు కూడా ఉంటారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. ఫోన్ నంబర్ చివరి నాలుగు అంకెలు చెరిపేస్తే చాలనుకుంటారు. కర్నూలు నుంచి ప్రతి ఆదివారం రాత్రి ఒకే సీటులో వచ్చే మనిషిని నంబర్ లేకపోయినా గుర్తుపట్టొచ్చు.

సరే, తయారు చేయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

అసలు లాగ్‌ని చూడడం దగ్గర. ఒక రోజు లాగ్ తీసుకుని అందులో మారని భాగాన్నీ మారే భాగాన్నీ వేరు చేయండి. "ఫలానా బుకింగ్‌కి సీటు దొరకలేదు" అనే వాక్యంలో నంబర్ మారుతుంది, వాక్యం మారదు. మారని భాగమే మూస. 2017లో వచ్చిన డ్రెయిన్ అనే పద్ధతి ఇలాంటి మూసలను దానంతట అదే ఏరి ఇస్తుంది. లక్షల లైన్లలోంచి సాధారణంగా కొన్ని పదులో వందలో మూసలే తేలతాయి. అది చూసి కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు.

తర్వాత ఒక్కో మూస ఎంత తరచుగా వస్తోంది, దేని తర్వాత ఏది వస్తోంది అని రాసుకోండి. ఎక్కువమంది ఈ వరసనే వదిలేస్తారు. సీటు లాక్ కాకుండా పేమెంట్ మొదలవదు. టైమ్‌అవుట్ వచ్చాక రీట్రై వస్తుంది, మూడు రీట్రైల తర్వాతే ఎర్రర్ వస్తుంది. ఈ వరస లేకుండా విడివిడి లైన్లు చల్లేస్తే అవి చూడ్డానికి లాగ్‌లా ఉంటాయి కానీ, వాటి మీద ఏ అలర్ట్‌నీ పరీక్షించలేరు.

టైమ్‌స్టాంపులు ఎలా వేయాలి? సమాన దూరంలో వేస్తే సరిపోదా?

సరిపోదు. మనుషులు క్యూలో అడుగు కొలిచినట్టు రారు. సగటున సెకనుకు 2 లైన్లు వచ్చే సర్వీస్ అనుకుందాం. అరసెకనుకొకటి చొప్పున వేస్తే "3 సెకన్లు మౌనంగా ఉంటే అలర్ట్" అనే రూల్ ఎప్పుడూ మోగదు, మీరు బాగుందనుకుంటారు. నిజంగా ఎవరికి వారు వచ్చే రిక్వెస్టులకు పాయ్‌సాన్ లెక్క (సంభావ్యత సూత్రం) దగ్గరగా ఉంటుంది. ఆ లెక్కన రెండు లైన్ల మధ్య దూరం 3 సెకన్లు దాటే అవకాశం దాదాపు 0.25 శాతం. గంటకు 7,200 లైన్లు కాబట్టి గంటకు పద్దెనిమిది సార్లు ఆ అలర్ట్ ఊరికే మోగుతుంది. అదే 10 సెకన్లకు పెడితే ఊరికే మోగడమన్నది దాదాపు ఉండదు. ఈ ఒక్క లెక్క నేర్చుకుంటే ఆన్‌కాల్‌లో (అలర్ట్ మోగితే లేవాల్సిన వంతులో) ఎన్నో రాత్రులు మిగులుతాయి.

దాని పైన రోజువారీ ఆటుపోట్లు వేయాలి: శుక్రవారం సాయంత్రం పోటు, తెల్లవారుజాము నాలుగింటికి పాటు.

ఇక అయిదున్నర గంటల సంగతి. సర్వర్లు యూటీసీలో (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయంలో) రాస్తాయి, మనం ఇండియా టైమ్‌లో ఆలోచిస్తాం. రాత్రి ఎనిమిదింటి రద్దీని జనరేటర్‌లో (లాగ్ తయారుచేసే ప్రోగ్రామ్‌లో) 20:00 అని రాసి జోన్ పెట్టడం మరిచిపోతే, ఆ రద్దీ మన డ్యాష్‌బోర్డ్‌లో అర్ధరాత్రి దాటాక 1:30కి కనిపిస్తుంది. 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3164 పద్ధతిలో రాసే పరికరాలతో ఇంకో చిక్కు ఉంది. దాని టైమ్‌స్టాంప్‌లో సంవత్సరమూ ఉండదు, జోనూ ఉండదు. డిసెంబరు 31 అర్ధరాత్రి ముందు పంపిన లైన్ జనవరి 1న అందితే అది ఏ సంవత్సరానిది? మీ పార్సర్ ఏమనుకుంటుందో ఇప్పుడే ఒక సింథటిక్ లైన్ వేసి చూసుకోండి.

పేర్లు, ఐపీ అడ్రసులు ఏవి వాడాలి?

నోటికొచ్చిన ఐపీ రాయకండి, అది ఎవరిదో ఒకరిది అవుతుంది. ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన శ్రేణులు మూడున్నాయి: 192.0.2.0/24, 198.51.100.0/24, 203.0.113.0/24. ఆర్‌ఎఫ్‌సీ 5737 వీటిని కేటాయించింది. డొమైన్‌కి ఎగ్జాంపుల్ డాట్ కామ్, లేదా డాట్ టెస్ట్‌తో ముగిసేది ఏదైనా వాడండి. వీటితో ఇంకో లాభం ఉంది: ఇలాంటి అడ్రస్ ఎప్పుడైనా ప్రొడక్షన్ లాగ్‌లో కనబడితే సింథటిక్ లైన్ దారి తప్పి వచ్చిందని వెంటనే తెలిసిపోతుంది.

ప్రయాణికుల పేర్లు తెలుగులో ఉంటే లాగ్‌కి ఏమైనా ఇబ్బందా?

ఉంది. మనం తప్ప ఎవరూ పరీక్షించరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కొక్కటీ 3 బైట్లు. "శ్రీ" మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి అది శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం నాలుగు కోడ్‌లు, 12 బైట్లు. కొన్ని ప్రోగ్రాములు జేసన్ అనే డేటా రూపంలో ప్రతి కోడ్‌నీ ఆరు బైట్ల సంకేతంగా మార్చి రాస్తాయి, అప్పుడు ఆ ఒక్క "శ్రీ" 24 బైట్లవుతుంది. పాత సిస్‌లాగ్ పద్ధతిలో మొత్తం మెసేజ్ 1024 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ పేర్లతో హాయిగా పట్టిన లైన్ తెలుగు పేర్లతో దాటిపోయి మధ్యలో తెగుతుంది. అక్షరం మధ్యలోనే తెగితే మిగిలిన బైట్లు ఏ అక్షరమూ కావు. కొన్ని పార్సర్లు ఆ లైన్ మొత్తాన్నీ పారేస్తాయి. అక్కడో కొత్త ఖాళీ పుడుతుంది.

రెండోది ఇంకా కనపడనిది. "రాజ్‌కుమార్" అని విడిగా రావాలంటే జ్ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే కోడ్ పెడతాం. కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. పెట్టినదాంతో వెతికితే పెట్టనిది దొరకదు. ఒకే మనిషి రెండు పేర్లుగా లాగ్‌లో ఉంటాడు. మీ సింథటిక్ డేటాలో రెండు రకాలూ తప్పకుండా వేయండి. ఇలాంటి పేర్ల జాబితా తయారు చేయడానికి మనకంటే తగినవాళ్లు ఎవరున్నారు?

ఏ టూల్స్ వాడాలి?

ఒక్క లైన్ పంపడానికి లినక్స్‌లోని లాగర్ కమాండ్ చాలు. వెబ్ సర్వర్ రకం లైన్లు కుప్పలుగా కావాలంటే ఎఫ్‌లాగ్ ఉంది. వెక్టర్‌లో డెమో లాగ్‌ల సోర్స్, ఫ్లుయెంట్ బిట్‌లో డమ్మీ ఇన్‌పుట్, స్ప్లంక్ వాడేవాళ్లకు ఈవెంట్‌జెన్, ఓపెన్‌టెలిమెట్రీకి టెలిమెట్రీజెన్ ఉన్నాయి. కానీ మీ సర్వీస్ వరస, మీ రద్దీ తీరు వీటికి తెలియవు. రెండు వందల లైన్ల పైథాన్ రాసుకోవడమే నా సలహా.

ఏఐకి చెప్పి లాగ్ రాయించుకోవచ్చా?

జనరేటర్ కోడ్ రాయించుకోవచ్చు, మూసలు ఆలోచించమనొచ్చు, "ఈ సర్వీస్‌లో ఇంకేం తప్పు జరగొచ్చు" అని అడగొచ్చు. ఆ చివరి ప్రశ్నకి మంచి జవాబులు వస్తాయి. నేరుగా లక్ష లైన్లు రాయమనడం మాత్రం దండగ. లైన్లు మరీ శుభ్రంగా వస్తాయి, మధ్య దూరాలు నమ్మేలా ఉండవు, రెండోసారి అడిగితే అదే ఫలితం రాదు. ఉదాహరణ కోసమని ప్రొడక్షన్ లాగ్ తీసుకెళ్లి బయటి సర్వీస్‌లో అతికించడం అస్సలు చేయకండి.

ప్రొమీథియస్ అలర్ట్‌లని కూడా ఇలా పరీక్షించొచ్చా?

తప్పకుండా. కొలతలు సేకరించి అలర్ట్‌లు మోగించే ప్రొమీథియస్‌తో పాటు వచ్చే ప్రోమ్‌టూల్‌లో రూల్స్‌కి టెస్ట్ రాసే సదుపాయం ఉంది. విలువల వరసని మీరే ఇస్తారు, ఫలానా నిమిషానికి ఫలానా అలర్ట్ మోగాలని రాస్తారు. డేటా రాని చోట అండర్‌స్కోర్ పెడతారు. ఖాళీని ఖాళీగానే రాసే వీలుంది, అది నాకు బాగా నచ్చిన సంగతి. "ఎర్రర్లు 5 దాటితే మోగు" అనే రూల్ డేటా అసలే రాకపోతే మోగదు, ఎందుకంటే పోల్చడానికి ఏమీ లేదు. దాని పక్కన డేటా లేకపోతే మోగే ఆబ్సెంట్ ఫంక్షన్‌తో ఇంకో రూల్ ఉండాలి. మా దగ్గర రివ్యూలో ఈ జంట లేకపోతే రూల్ ముందుకు పోదు.

సింథటిక్ లైన్ అని గుర్తు ఎలా పెట్టాలి?

వేరే ఇండెక్స్, ప్రొడక్షన్‌కి రాయలేని వేరే పాస్‌వర్డ్. ప్రతి లైన్‌లోనూ సింథటిక్ అని చెప్పే ఫీల్డ్, ఏ రన్‌లో పుట్టిందో చెప్పే నంబర్, ఏ సీడ్‌తో (ర్యాండమ్ సంఖ్యలకు మొదలుగా ఇచ్చే అంకెతో) పుట్టిందో ఆ సంఖ్య. సీడ్ రాసి ఉంటే అదే లాగ్‌ని ఆరు నెలల తర్వాత కూడా మక్కికి మక్కి మళ్లీ పుట్టించొచ్చు. గుర్తు ఫైల్ పేరులో మాత్రమే పెడితే కాపీ చేసినప్పుడు పోతుంది. లైన్ లోపలే ఉండాలి.

సింథటిక్ మానిటరింగ్ అంటే కూడా ఇదేనా?

కాదు. అక్కడ ఒక రోబో నిజంగానే సైట్‌కి వెళ్లి టికెట్ వెతుకుతుంది. రిక్వెస్ట్ కృత్రిమం, సర్వర్ ఇచ్చే జవాబు, దాని లాగ్ నిజం. పేరు దగ్గరగా ఉండడంతో మీటింగుల్లో ఇద్దరూ రెండు వేరే విషయాలు మాట్లాడుకుంటుంటారు.

ఎంత లాగ్ తయారు చేయాలి? స్టోరేజ్ ఎంత కావాలి?

అలర్ట్ పరీక్షకి కొన్ని గంటలది చాలు. సామర్థ్యం చూడాలంటే లెక్క వేయండి. సెకనుకు 2,000 లైన్లు, లైన్‌కి 300 బైట్లు అంటే రోజుకు దాదాపు 52 జీబీ. 180 రోజులకు 9.3 టీబీ, కుదించకముందు.

180 రోజులే ఎందుకు? ఆడిట్‌కి దీనికి సంబంధం ఏమిటి?

సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజుల పాటు మన దేశ పరిధిలో దాచి ఉంచాలి, సైబర్ ఇన్సిడెంట్‌ని తెలిసిన 6 గంటల్లోపు తెలియజేయాలి. ఆడిటర్ ముందు గుంట ఉన్న లాగ్ పెట్టడం ఇబ్బందే. నేను పెట్టాను. కారణం, తేదీ, ఆ తర్వాత చేసిన మార్పు రాసి పెట్టాం కాబట్టి రెండు ప్రశ్నలు అడిగి వదిలేశారు. పూడ్చిన లాగ్ పెట్టి, అది బయటపడితే, మిగిలిన 179 రోజుల లాగ్ కూడా కాకిలెక్కేనా అనే అనుమానం వస్తుంది. దానికి మన దగ్గర జవాబుండదు.

తేడాలు పట్టే మోడల్‌కి సింథటిక్ లాగ్‌తో శిక్షణ ఇవ్వొచ్చా?

కొంతవరకు. మోడల్ మన సిస్టమ్‌ని కాకుండా మన జనరేటర్‌ని నేర్చుకునే ప్రమాదం ఉంది. తప్పు లైన్లన్నీ మనం ఒకే తీరుగా రాస్తే అది ఆ తీరునే పట్టుకుంటుంది, పరీక్షలో మంచి మార్కులు వస్తాయి, ప్రొడక్షన్‌లో చతికిలపడుతుంది. శిక్షణలో సింథటిక్ కలిపినా, చివరి పరీక్ష మాత్రం నిజంగా జరిగిన ఇన్సిడెంట్ల లాగ్ మీదే పెట్టండి. అవి పది ఉన్నా సరే.

నేను ఫ్రెషర్‌ని. ఉద్యోగం ఇంకా రాలేదు. ఇది ఇంట్లో నేర్చుకోవచ్చా?

మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండి ఇంటర్వ్యూలకు తిరుగుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ప్రొడక్షన్ చూసిన అనుభవం లేదని మీరు దిగులుపడతారు. ఒక ల్యాప్‌టాప్ చాలు. ఒక చిన్న బుకింగ్ సర్వీస్ లాగ్ తయారుచేసే ప్రోగ్రామ్ రాయండి. దాన్ని లాగ్‌లు దాచి వెతికే లోకీలోకో ఎలాస్టిక్‌సెర్చ్‌లోకో పంపండి. అందులో సంక్రాంతి రద్దీ పెట్టండి, ఒక గేట్‌వే వైఫల్యం పెట్టండి, 47 నిమిషాలు లాగింగ్ ఆపండి. ఆ మూడూ పట్టుకునే అలర్ట్‌లు రాయండి. మీరు రాసినదాన్ని మీ రూమ్మేట్‌కి ఇచ్చి, ఏం జరిగిందో లాగ్ చూసి చెప్పమనండి.

ఇంటర్వ్యూలో మాత్రం ఇది సింథటిక్ లాగ్ అని, నేనే తయారుచేశానని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఇంటర్వ్యూ చేసే సీట్లో నేను చాలాసార్లు కూర్చున్నాను. లేని కంపెనీలో మూడేళ్ల అనుభవం చెప్పినవాళ్లని రెండో ప్రశ్నకే గుర్తుపట్టాను. తన జనరేటర్‌లో టైమ్ జోన్ ఎక్కడ తప్పిందో, దాన్ని ఎలా పట్టుకుందో తెల్లబోర్డు మీద గీసి చూపించిన నంద్యాల అమ్మాయి ఇప్పుడు మా టీమ్‌లోనే ఉంది, ఈ వారం ఆన్‌కాల్ తనదే.